విద్యార్థికొక పెద్దదిక్కు

(చెన్నపట్టణమున జరిగిన సంఘ సభలో ఒక దంతవైద్య కళాశాల ఆచార్యుల పక్షమున చదువబడిన ప్రసంగ పాఠము)



దంతవైద్యులు సభకు వచ్చినారనగానే పండ్లు తోముకొను పద్ధతిని గూర్చియో, పొగాకు మానుటను గూర్చియో చెప్పుదురని తలచుట సహజము. అవి చెప్పదగిన సంగతులే. కాని నేడు మేము వచ్చిన పని వేరు. మా కళాశాలలో ఈ విద్యాసంవత్సరము నుండి ప్రారంభించుచున్న ఒక ఏర్పాటును మీ యెదుట ఉంచుటకును, అందు మీవలన కావలసిన సాయమును అడుగుటకును వచ్చినాము. మేము అడుగబోవునది చందా కాదని ముందుగనే మనవి చేయుచున్నాము.

ఏర్పాటు ఇది. కళాశాలలో చేరిన ప్రతి విద్యార్థికిని చేరిన వారముననే ఒక ఆచార్యుని తోడుగా నియమింతుము. నాలుగు సంవత్సరముల చదువును, ఆపై ఒక సంవత్సరపు ఇంటర్న్‌షిప్పును పూర్తియగువరకు ఆ తోడు కొనసాగును. దీనిని ఆంగ్లమున మెంటరింగ్ అందురు. మెంటరు అనునది గ్రీకు మహాకవి హోమరు రచించిన ఒడిస్సీ కావ్యములోని ఒక పాత్ర పేరు. రాజు యుద్ధమునకు పోవుచు తన ఇంటిని ఆ మిత్రునికి అప్పగించెను. రాజకుమారునికి దారి చూపవలసి వచ్చినపుడు దేవత ఆ మిత్రుని రూపమునే ధరించి వచ్చెను. మన భాషలో దీనికి కొత్త మాట కల్పింపనక్కరలేదు. తండ్రి దూరమున నున్నపుడు, ఇంట మగవారు లేనపుడు, పరాయి ఊరిలో కాపురము పెట్టినపుడు మనవారు వెదకుకొనునది పెద్దదిక్కును. మేము ఏర్పరుపదలచినది అదియే.

ఇట్టి ఏర్పాటు ఇప్పుడే ఏల అవసరమైనదని మీరు అడుగవచ్చును. దానికి సమాధానము కొంత చరిత్రలో నున్నది. మన దేశమున దంతవైద్య విద్యకు ఆద్యుడు డాక్టరు రఫీయుద్దీన్ అహ్మద్. ఆయన 1920లో కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను స్థాపించెను. స్వాతంత్ర్యానంతరము 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. ఈ చెన్నపట్టణమున 1953లో మద్రాసు వైద్య కళాశాలకు అనుబంధముగా దంతవైద్య శాఖ ఏర్పడినది. బెంగుళూరున 1958లోను, హైదరాబాదున 1959లోను ప్రభుత్వ కళాశాలలు వెలసినవి. ఆ తొలినాళ్ళలో విద్యార్థుల సంఖ్య స్వల్పము. ఏ విద్యార్థి చేయి వణకునో, ఎవని ఇంట ఏ కష్టము వచ్చినదో ఆచార్యులకు అడుగకయే తెలియుచుండెను. అందుచేత ఏర్పాటు అనునది ప్రత్యేకముగా అక్కరలేకపోయెను.

నేడు దేశమున దంతవైద్య కళాశాలలు మూడువందలకు మించినవి. ఒక్కొక్క సంవత్సరమున నూరుగురు విద్యార్థులు చేరు కళాశాలలు పెక్కు కలవు. నూరుగురిలో చురుకైనవాడు ఆచార్యుని కంటబడును, అల్లరివాడును కంటబడును. నడుమనున్న డెబ్బదిమంది పేర్లు హాజరుపట్టీలో తప్ప ఎక్కడను వినబడవు. ఆ డెబ్బదిమందిలో ఒకడు నలుగురితో మాట్లాడుట మానివేసినపుడు, భోజనశాలకు పోవుట మానివేసినపుడు, దానిని ఎవరు గుర్తింతురు? ఈ ప్రశ్నయే మమ్ము ఈ పనికి పురికొల్పినది.

దంతవైద్య విద్య యొక్క స్వభావమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. ఏలయనగా మన కుటుంబములలో పెక్కుమందికి ఇది చిన్న చదువు, సులభమైన చదువు అను భావము కలదు. మొదటి సంవత్సరమున విద్యార్థి మనుష్య శరీర నిర్మాణమును, శరీర ధర్మములను, జీవరసాయనమును చదువును. దానితోపాటు మైనపు ముద్దను చెక్కి ఒక్కొక్క పంటి ఆకారమును తీయవలయును. ఇంటర్మీడియెట్టు వరకు పుస్తకము తప్ప వేరెరుగని చేతికి కత్తి ఇచ్చి, పంటి యందలి మిట్టపల్లములను కొలతలతో తెమ్మందుము. పరీక్షలలో ప్రథమశ్రేణిలో నిలిచిన బాలికయు తాను చెక్కిన పన్నును ఆచార్యుడు పక్కకు నెట్టిన దినమున తన కెందునను పనికిరానితనము వచ్చినదని కుమిలిపోవును. ఆ తరువాత కృత్రిమ శిరస్సునందు అమర్చిన పండ్లపై సాధన సాగును. మూడవ సంవత్సరమున సజీవుడగు రోగి కుర్చీలో వచ్చి కూర్చుండును.

ఆ మూడవ సంవత్సరపు మలుపే అన్నిటికంటె కఠినమైనది. వైద్య విద్యార్థి రోగిని పరీక్షించి చెప్పుటతో మొదలిడును. దంతవైద్య విద్యార్థి యన్ననో, ఇరువది యేండ్ల ప్రాయముననే, తన చేతితో మత్తు సూది వేయవలయును, పన్ను తీయవలయును, పిప్పిపన్నును తొలిచి నింపవలయును. తొలిచిన పన్ను మరల మొలవదు. దవడపై సూది మోపిన క్షణమున రోగి కన్ను చెమర్చినచో విద్యార్థి గుండె జారును. పైగా ఇన్ని పండ్లు తీయవలయును, ఇన్ని పండ్లు నింపవలయును, ఇన్ని కట్టుడు పండ్ల వరుసలు చేయవలయును అను లెక్క యొకటి ఉండును. రోగి రానిచో లెక్క నిండదు. లెక్క నిండనిచో పరీక్షకు భయము. ఒక ముదుసలి రెండుసార్లు వచ్చి, మూడవసారి కట్టుడు పండ్లు పెట్టించుకొను దినమున రాకపోయినచో, ఆ విద్యార్థి వారముల శ్రమ వృథయగును. ఈ చింత వానికి గాని వాని తోటివారికి గాని తప్ప ఇతరులకు తెలియదు. ఇంటికి ఫోను చేసి చెప్పినను ఇంటివారికి అర్థము కాదు.

దీనికి తోడు ఇంకొక గాయము కలదు. వైద్య, దంతవైద్య కోర్సులు రెంటికిని నీట్ అను ఒకే ప్రవేశ పరీక్ష. తమిళనాట ప్రభుత్వ సీట్లకు సైతము 2017 నుండి అదియే ఆధారము. మొదట ఎం.బి.బి.ఎస్. కోరి, అది దొరకక దంతవైద్యమున చేరినవారు ప్రతి తరగతిలోను ఉందురు. ఆ సంగతిని వారు మరచిపోదమన్నను మనము మరువనియ్యము. పెండ్లి పందిళ్ళలో, పండుగ దినములలో బంధువులు అడుగు మొదటి ప్రశ్న, డాక్టరు సీటు రాలేదా అని. అడిగినవారికి అది కుశలప్రశ్న. విన్నవానికి అది ములుకు. ఐదేండ్లు చదువవలసిన విద్యను ఓటమి గుర్తుగా మోయుచు చదువువాడు ఆ విద్యపై ప్రేమ ఎట్లు పెంచుకొనగలడు?

ఈ చింత మా ఊహ మాత్రము కాదు. జాతీయ వైద్య కమిషన్ నియమించిన సంఘము 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యముపై నివేదిక నిచ్చినది. సర్వేలో పాల్గొనిన 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులలో 27.8 శాతము తమకు మానసిక ఆరోగ్య సమస్య కలదని తెలిపిరి. అది వైద్య విద్యార్థుల లెక్క, దంతవైద్యులది కాదు. ఐనను శరీరశాస్త్రము మొదలుకొని శస్త్రచికిత్స వరకు ఆ చదువులో పెక్కు భాగములను మన పిల్లలును చదువుచున్నారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్టణమున నీట్ పరీక్షకు సిద్ధమగుచుండిన ఒక బాలిక మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున, దేశమందలి విద్యాసంస్థలన్నిటికి మార్గదర్శక సూత్రములను విధించినది. నూరుగురు విద్యార్థులు గాని అంతకు మించి గాని కల సంస్థలో అర్హుడగు సలహాదారు ఒక్కడైనను ఉండవలయుననియు, విద్యార్థులను చిన్న జట్టులుగా చేసి వారికి తోడుగా మార్గదర్శకులను నియమింపవలయుననియు అందు కలదు. కావున మేము చేయుచున్నది ఔదార్యము కాదు, మా కర్తవ్యము.

ఇక ఈ ఏర్పాటు నడచు తీరును వివరింతుము. ఒక్కొక్క ఆచార్యునికి ఐదారుగురు విద్యార్థులను అప్పగింతుము. ఆ సంవత్సరమున ఆ విద్యార్థికి ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు వేయువారు వానికి పెద్దదిక్కుగా ఉండరాదు. మార్కులు వేయు చేతియందు మనసు విప్పుట ఎవరికిని సాధ్యము కాదు. మొదటి సమావేశము కళాశాల తెరచిన వారముననే జరుగును. ఆపై నెలకొకసారి జట్టుగాను, రెండు నెలల కొకసారి ఒంటరిగాను కలిసికొందురు. మైనపు చెక్కడపు పరీక్షకు ముందు, మూడవ సంవత్సరమున రోగులను చూడ నారంభించు వారమున, ఫలితములు వచ్చిన దినమున, ఈ మూడు సమయములందు ఆచార్యుడే విద్యార్థిని పిలిచి పలుకరించును.

ఆచార్యుడే పిలుచునని చెప్పుటలో విశేషము కలదు. అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. అది ఆకలిగొన్న బిడ్డ విషయమున నిజము. దిగులుపడిన బిడ్డ అడుగడు. అడుగగలవాడు అడిగియే పొందుచున్నాడు. వానికి ఈ ఏర్పాటు లేకపోయినను లోటు లేదు. అడుగలేని వాని కొరకే ఇది ఏర్పడినది. కావున తలుపు తెరచియున్నది, కావలసినవారు రావచ్చును అని కూర్చుండుట చాలదు. తలుపు దాటి ఆచార్యుడే పోవలయును.

ఆచార్యుడు వేయదగిన ప్రశ్నలు చిన్నవి. నిద్ర పట్టుచున్నదా? వసతిగృహమున ఎవరైన బాధించుచున్నారా? ఫీజు కట్టుటకు ఇంట ఇబ్బంది కలదా? ఏ పనియందు చేయి ఆడుట లేదు? ఈ ప్రశ్నలకు సమాధానము విని, తనవలన అగునది తాను చేయును. చేతిపనిలో వెనుకబడినవానికి సాయంత్రము ఒక గంట ప్రయోగశాల తెరపించును. ర్యాగింగు సంగతియైనచో నివారణ సంఘమునకు తెలియజేయును. మనసుకు సంబంధించిన వ్యాధి లక్షణములు కనిపించినచో తానే వైద్యము చేయబూనక, కళాశాల సలహాదారు వద్దకు గాని మానసిక వైద్యుని వద్దకు గాని తోడుకొనిపోవును. పన్ను పెరుకుట తెలిసినంత మాత్రమున దిగులు పెరుకుట తెలియదు. ఈ హద్దు ఎక్కడనో గుర్తించుటకే ఆచార్యులకు ముందుగా శిక్షణ ఇప్పించుచున్నాము.

పెద్దదిక్కు కానివాడు ఎవరో గూడ చెప్పవలయును. అతడు ట్యూషను మాస్టరు కాడు. మార్కులకు సిఫారసు చేయువాడు కాడు. హాజరు తనిఖీ చేయు ఉద్యోగి కాడు. తన సొంత పనులకు విద్యార్థులను వాడుకొనువాడు అంతకంటెను కాడు. ఆచార్యునితో పొసగనిచో, కారణము చెప్పనక్కరలేకయే విద్యార్థి మరియొకరిని కోరవచ్చును. విద్యార్థినులు కోరినచో మహిళాచార్యులనే నియమింతుము.

ఇట్టి ఏర్పాటు పేరునకు పెక్కు కళాశాలలలో ఇదివరకే కలదు. కళాశాలల నాణ్యతను తూచు న్యాక్ సంస్థ, ఒక్కొక్క మార్గదర్శకునికి ఎందరు విద్యార్థులని అడుగును. అడిగినందున రిజిస్టరు పుట్టినది. ఆరు నెలల కొకసారి ఆచార్యుడొక సంతకము, విద్యార్థి యొక సంతకము చేసి, బీరువాలో పెట్టి తాళము వేయు పద్ధతి పెక్కుచోట్ల సాగుచున్నది. తనిఖీ దినమున ఆ పుస్తకము నిండుగా కనబడును. విద్యార్థి మాత్రము తన పెద్దదిక్కు ముఖమును ఎరుగడు. మా రిజిస్టరులో కలిసిన తేది తప్ప మాట్లాడిన సంగతి వ్రాయము. పుస్తకము సన్నగా నున్నను ఫరవాలేదు. పరిచయము దట్టముగా ఉండవలయునని మా కోరిక.

ఇంక మన భాషను గూర్చిన సంగతి. ఈ నేలపై తరతరములుగా స్థిరపడిన తెలుగు బిడ్డ ఇంట తెలుగు, వీధిలో తమిళము, పుస్తకమున ఆంగ్లము నేర్చి పెరిగినవాడు. కోలారు, బళ్ళారి ప్రాంతములలో తమిళమునకు బదులు కన్నడము, బరంపురమున ఒడియా, షోలాపురమున మరాఠీ. రోగి కుర్చీ దగ్గర ఇది మనవారికి బలమే గాని లోపము కాదు. హోసూరు నుండి వచ్చిన అవ్వ చిగుళ్ళ నొప్పిని తెలుగున చెప్పినను, తిరువళ్ళూరు నుండి వచ్చిన తాత తమిళమున చెప్పినను మన విద్యార్థికి అర్థమగును. అఖిల భారత కోటాలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల నుండి వచ్చిన విద్యార్థికి ఈ సౌకర్యము లేదు. యానాం బిడ్డ పుదుచ్చేరికి పోయి చదివినచో, కాగితముపై అది సొంత ప్రాంతమే. కాని ఎనిమిదివందల కిలోమీటరులకు పైబడిన దూరమున, తమిళము మాట్లాడు రోగుల నడుమ, వాడు పరాయివాడే. అట్టివారికి రోగితో నాలుగు మాటలు మాట్లాడుట నేర్పు తోటి విద్యార్థి కావలయును. మన పిల్లలు ఆ పని చేయగలరు. చేయవలయును.

కొందరు మిత్రులు తెలుగు విద్యార్థులకు తెలుగు ఆచార్యులనే నియమింపుడని సూచించినారు. ఆ సూచన వెనుకనున్న ప్రేమను మేము ఎరుగుదుము. దుఃఖము వచ్చినపుడు నోట వచ్చునది అమ్మ భాషయే. ఐనను మేము జట్టులను భాషను బట్టి గాని కులమును బట్టి గాని విభజింపము; చీట్లు వేసి నిర్ణయింతుము. భాష పేరిట జట్టులు ఏర్పడినచో, రేపు కులము పేరిట, ఊరి పేరిట ఏర్పడును. ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి బ్రదికి, తన భాషను తాను నిలుపుకొనిన సమాజము మనది. కళాశాలలోను అదే పద్ధతి మేలు. తెలుగున మాట్లాడవలెనని విద్యార్థి కోరినచో తెలుగు తెలిసిన ఆచార్యుని వద్దకు పంపుదుము. అది వాని కోరికపై జరుగును, మా జాబితాపై కాదు.

ఇప్పుడు మీవలన కావలసిన సాయమును అడుగుచున్నాము. తలిదండ్రులారా, ఇది మీకు కొంత కష్టముగా తోచవచ్చును. విద్యార్థి తన పెద్దదిక్కుతో చెప్పుకొనిన మాటలను మేము మీకు చెప్పము. మీరు అడిగినను చెప్పము. మా బిడ్డ సంగతి మాకు చెప్పకుండుటకు మీరెవరని మీకు కోపము రావచ్చును. ఫీజు కట్టువారు మీరు, రాత్రులు మేల్కొనువారు మీరు. మీ హక్కును మేము కాదనుట లేదు. కాని ఆచార్యునితో అన్నమాట మరునాటికి ఇంటికి చేరునని తెలిసిన విద్యార్థి మూడవ మాట పలుకడు. మాకు చెప్పడు, మీకును చెప్పడు. అప్పుడు వాని మనసు ఎవరికిని తెలియకపోవును. కొంత దాచుటవలననే ఎక్కువ కాపాడగలము. దీనికి ఒక్కటే మినహాయింపు. ప్రాణాపాయ మున్నదని తోచినచో ఆ క్షణముననే మీకు తెలియజేయుదుము. అట్లు చేయుదుమని విద్యార్థికిని మొదటి దినముననే చెప్పియుంచెదము.

రెండవ సాయము. ఇంటికి ఫోను వచ్చినపుడు మార్కులెన్ని అని అడుగుటకు ముందు అన్నము తింటివా అని అడుగుడు. ఒక విషయమున తప్పిన విద్యార్థి సప్లిమెంటరీ పరీక్ష వ్రాసి ముందుకు పోవచ్చును. ఇది మీరు తెలిసికొని, వానికి మీ నోటనే చెప్పుడు. డాక్టరు సీటు రాలేదా అను ప్రశ్నను మన పందిళ్ళ నుండి తొలగింపుడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలన్నారు. మేము పండ్లను బాగుచేయగలము గాని నోటి మాటను మీరే బాగుచేసికొనవలయును.

మూడవ సాయము ఈ సంఘమున సభ్యులైయున్న దంతవైద్యుల నుండి. ఇంటర్న్‌షిప్పు చేయుచున్నవారిని మీ చికిత్సాలయమున కొన్ని దినములు కూర్చుండనిండు. మొదటి సంవత్సరములలో మీకు రోగులు రాని దినములెన్నో, అద్దె కట్టుటకు పడిన పాట్లేవో దాచక చెప్పుడు. చదువు ముగిసిన పిదప దారి కనబడదను భయము నాలుగవ సంవత్సరపు విద్యార్థిని ఎక్కువగా పీడించును. ఆ భయమును పోగొట్టు శక్తి మాకంటె మీకే ఎక్కువ.

రాత్రివేళ ఎవరును అందుబాటులో లేనపుడు పనికివచ్చు సంఖ్య ఒకటి గుర్తుంచుకొనుడు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను ఉచిత టెలిఫోను సేవను ప్రారంభించినది. దాని సంఖ్య 14416. అందు తెలుగునను మాట్లాడవచ్చును. విద్యార్థులే గాక తలిదండ్రులును పిలువవచ్చును.

మా కాలమున ఇవి ఏవియు లేవు, మేము చదువలేదా అని పెద్దలు కొందరు అనుచున్నారు. చదివినారు. కాని చదువు నడుమ మానివేసి ఇంటికి తిరిగిపోయినవారి పేర్లు మన జ్ఞాపకములలో లేవు. గట్టెక్కినవారి పేర్లు మాత్రమే ఉన్నవి. గట్టెక్కినవారిని అడిగి చూచినచో, ఏదో ఒక దినమున తమ భుజముపై చేయి వేసిన ఒక ఆచార్యుని పేరు చెప్పుదురు. ఆ చేయి అందరికిని దొరకలేదు. అదృష్టము కొద్ది కొందరికి దొరకినదానిని నియమము కొద్ది అందరికి అందించుటయే మేము చేయుచున్న పని.

ఒక సంవత్సరము గడచిన పిమ్మట ఈ సభకే మరల వత్తుము. ఎన్ని సమావేశములు జరిగినవో, ఎంతమంది ఆచార్యులను మార్చుకొనిరో, ఏ నియమము ఫలించినదో, ఏది ఫలింపలేదో ఉన్నది ఉన్నట్లు మీకు విన్నవింతుము. అంతవరకు మీ బిడ్డలను మాకు అప్పగించినట్లే, మీ నమ్మకమును గూడ అప్పగింపవలయునని ప్రార్థించుచున్నాము.